నిద్రపోయే కోట: ఒక ఊహా థీమ్ పార్క్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది నిజంగా ఎక్కడైనా కడుతున్నారా?

లేదు. ఇది కాగితాల మీద, ఫోమ్ బోర్డు మోడల్ రూపంలో మాత్రమే ఉంది. నేను హైదరాబాద్‌లో సినిమా సెట్ల ఆర్ట్ విభాగంలో పనిచేస్తాను. ఖాళీ దొరికిన రాత్రుల్లో ఈ డ్రాయింగులు వేస్తూ వచ్చాను. ఏ కంపెనీ అడిగి వేయించుకున్నది కాదు, నేను ఏ కంపెనీకీ పంపలేదు. కానీ రేపు ఎవరైనా కట్టమంటే కట్టగలిగేలా ఉండాలన్న పట్టుదలతోనే ప్రతి గీతా గీశాను. మెట్టు ఎత్తు, క్యూ పొడవు, నీళ్ళు పోయే దారి కూడా ఉన్నాయి. మోడల్ చూసినవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఏ కథ ఆధారంగా చేశారు?

1959 జనవరిలో విడుదలైన డిస్నీ యానిమేషన్ సినిమా 'స్లీపింగ్ బ్యూటీ'. రాకుమారి పుట్టిన పండుగకి పిలవని మంత్రగత్తె మలెఫిసెంట్ వచ్చి శాపం పెడుతుంది: పదహారో పుట్టినరోజున, పొద్దు గూకేలోపు రాట్నం కదురు గుచ్చుకుని చనిపోతుందని. ఇంకా వరం ఇవ్వని ఒక దేవకన్య ఆ చావుని నిద్రగా మారుస్తుంది. ఈ సినిమాకి రూపం ఎంత గొప్పదో కథ అంత పలచన. అందుకే కథ కోసం వెనక్కి వెళ్ళాను. 1697లో ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో రాసిన కథ, 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథ, ఈ రెండిట్లో ఉన్న చిన్న చిన్న వివరాలే నా పార్కుకి ప్రాణం. చూపు సినిమాది, సంగతులు పాత పుస్తకాలవి.

మీ అసలు ఆలోచన ఏమిటి? ఒక్క మాటలో చెప్పగలరా?

ఈ కథలో కట్టాల్సింది రాకుమారిని కాదు, ఆగిపోయిన కోటని.

థీమ్ పార్కు అంటేనే కదలిక. బండ్లు తిరుగుతాయి, బొమ్మలు చేతులూపుతాయి, పాటలు మోగుతూనే ఉంటాయి. ఇక్కడ దానికి తలకిందుగా చేయాలనుకున్నాను. గ్రిమ్ కథలో నిద్ర కోటంతా ఎలా పాకుతుందో చదవండి. లాయంలో గుర్రాలు, వాకిట్లో కుక్కలు, కప్పు మీద పావురాలు, గోడ మీద ఈగలు, చివరికి పొయ్యిలో మంట కూడా నిద్రపోతుంది. వంటవాడు వంటింటి కుర్రాడి జుట్టు పట్టుకోబోతూ అలాగే ఆగిపోతాడు. గాలి కూడా ఆగిపోతుంది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. వెయ్యిమంది కోటలోకి అడుగుపెట్టాక అందులో మెలకువగా ఉన్నది తాము మాత్రమే అని వాళ్ళకి తెలిసే క్షణం ఒకటి ఉండాలి. మిగతావన్నీ ఆ క్షణం కోసమే.

ఇలాంటివి ఇప్పటికే ఉన్నాయి కదా, మళ్ళీ ఎందుకు?

ఉన్నాయి, వాటిని ఎంతో గౌరవంగా చూశాను. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ 1955 జులైలో తెరిచినప్పుడే మధ్యలో స్లీపింగ్ బ్యూటీ కోట ఉంది, ఎత్తు 77 అడుగులు. సినిమా రావడానికి నాలుగేళ్ళ ముందే దాని పేరుతో కోట వచ్చిందన్నమాట. 1957లో ఆ కోట లోపల నడిచి చూసే చిన్న చిన్న దృశ్యాలు పెట్టారు. 1992లో తెరిచిన పారిస్ డిస్నీ పార్కులోని కోట సుమారు 50 మీటర్ల ఎత్తు. దాని మేడమీద గ్యాలరీలో రంగుటద్దాలు, తెరవస్త్రాలు (బొమ్మలు నేసి గోడకి వేలాడదీసే టేపెస్ట్రీలు) కథ చెబుతాయి. నేలమాళిగలో గొలుసులతో కట్టిన పెద్ద డ్రాగన్ ఉంటుంది.

నాకు అన్నిటికంటే దగ్గరైనది మాత్రం నెదర్లాండ్స్‌లోని ఎఫ్తెలింగ్ అనే పార్కు. 1952లో ఆంటన్ పీక్ అనే చిత్రకారుడి బొమ్మల ఆధారంగా అక్కడ కథల అడవి వేశారు. అందులో నిద్రపోతున్న రాకుమారి గుండె మెల్లగా పైకీ కిందకీ కదులుతుంది. అంతే, ఇంకేమీ జరగదు. పిల్లలు కిటికీకి ముఖం ఆనించి ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇంత చిన్న కదలిక అంతగా కట్టిపడేస్తే, కోట మొత్తాన్ని అలా నిద్రపుచ్చితే ఎలా ఉంటుందో అన్నదే నా మొదటి గీత.

ఎక్కడ ఉంటుందని ఊహించారు? మన దగ్గరా?

కాదు, ఉత్తర ఫ్రాన్స్‌లో, సుమారు అయిదెకరాల్లో. పెరో ఊరూ ఆ గాలీ అక్కడివే. ఆ రాయి, ఆ వాన, ఆ చలికాలపు బూడిదరంగు ఆకాశం లేకపోతే ముళ్ళపొదల కోట సినిమా సెట్‌లా అయిపోతుంది. అక్కడి ఎండ కూడా వాలుగా పడుతుంది. మన ఎండలో అదే కార్నిసు (గోడ పైన ముందుకి పొడుచుకొచ్చే అంచు) మధ్యాహ్నానికి నీడ పోగొట్టుకుని చదునుగా కనిపిస్తుంది. ఇది సెట్లు వేసేవాళ్ళందరికీ తెలిసిన బాధే.

కోట దూరం నుంచే కనిపిస్తుందా?

ఇక్కడ నేను మామూలు సూత్రానికి కొంచెం ఎదురెళ్ళాను. పార్కులో దూరానికి కనబడి జనాన్ని తనవైపు లాగే ఎత్తైన కట్టడాన్ని వాల్ట్ డిస్నీ 'వీనీ' అనేవాడు. మామూలుగా అది దగ్గరకి వచ్చేకొద్దీ పెద్దదవుతూ ఉండాలి. పెరో కథలో దీనికి వేరే సంగతి ఉంది. దేవకన్య మంత్రంతో పావుగంటలో చెట్లు, పొదలు, ముళ్ళు అల్లుకుపోతాయి. కోట బురుజుల కొనలు తప్ప ఏదీ కనబడదు, అవి కూడా బాగా దూరం నుంచి చూస్తేనే.

అందుకే నా పార్కులో గేటు దగ్గర నుంచి మూడు బురుజులు చక్కగా కనిపిస్తాయి. నడుస్తున్నకొద్దీ చెట్లు వాటిని మింగేస్తాయి. అడవిలో మూడో మలుపు దాటాక కోట ఎటుందో తెలియదు. అప్పుడు పొద ఒకటి పక్కకి జరిగి దారి తెరుచుకుంటుంది, వెనక మళ్ళీ మూసుకుంటుంది. కథలోనూ అంతే. రాజకుమారుడికి దారి ఇచ్చిన అడవి అతని వెంట వచ్చినవాళ్ళని రానివ్వదు. నిజంగా దారి మూసేస్తే అగ్నిమాపక శాఖ ఒప్పుకోదు కాబట్టి ఆ మూత కంటికి మాత్రమే. దారి మెలిక తిరిగి, వచ్చిన వైపు కనబడకుండా పోతుంది. సర్వీసు దారి పొద వెనకే ఉంది, తలుపు ఎప్పుడూ లోపలి నుంచి తోస్తే తెరుచుకుంటుంది.

చెట్లు పెట్టెల్లా చదరంగా ఎందుకున్నాయి?

ఇది అందరూ అడుగుతారు, నాకు జవాబు చెప్పడమంటే చాలా ఇష్టం కూడా. ఆ సినిమా నేపథ్య చిత్రాల శైలి అంతా ఐవిండ్ ఎర్ల్ అనే చిత్రకారుడిది. న్యూయార్క్‌లోని క్లాయిస్టర్స్ మ్యూజియంలో ఒంటికొమ్ము గుర్రాన్ని వేటాడే మధ్యయుగపు తెరవస్త్రాలు ఉన్నాయి. వాటిని చూసొచ్చిన డిస్నీ కళాకారుడు జాన్ హెంచ్ మాటల నుంచే ఆ శైలి ఆలోచన మొదలైంది. ఎర్ల్ దానికి పాత ఫ్లెమిష్ (ఇప్పటి బెల్జియం ప్రాంతపు) చిత్రకారులని, పర్షియన్ సూక్ష్మచిత్రాలని కలుపుకున్నాడు. నిలువు గీతలు, అడ్డ గీతలు, వాటి మధ్య పొరలు పొరలుగా పరిచినట్టు చదరపు ఆకుల గుంపులు. మామూలు నేపథ్య చిత్రం ఒకరోజులో అయిపోయేదైతే, ఎర్ల్ చిత్రాల్లో కొన్నింటికి వారం, పదిరోజులు పట్టేవి. వెడల్పాటి 70 ఎం.ఎం. తెర కోసం వేసినవి కాబట్టి మూలమూలా చూడదగ్గ పని ఉండేది.

ఇప్పుడు చిక్కు చెబుతాను. పార్కుల్లో కోటని ఎత్తుగా చూపించడానికి పాత చిట్కా ఒకటుంది. కింద రాళ్ళు, కిటికీలు పెద్దవిగా పెట్టి, పైకి వెళ్ళేకొద్దీ చిన్నవి చేస్తారు. దానితో పాటు పైన రంగు కొంచెం పలచబరుస్తారు. దూరం వల్ల మసకబారిందని కన్ను నమ్ముతుంది. కానీ ఎర్ల్ చిత్రాల్లో మసక ఉండదు. ముందున్న గడ్డిపరక ఎంత తేటగా ఉంటుందో మైలు దూరంలోని కొండ మీద చెట్టూ అంత తేటగా ఉంటుంది. మసక పెడితే అది ఎర్ల్ కాదు, మామూలు కోట అయిపోతుంది.

నెలల తరబడి దీనిమీద తలపట్టుకున్నాను. చివరికి కొలతలు మాత్రం తగ్గించి, రంగూ వివరమూ పైదాకా ఒకేలా ఉంచాను. దానికి పెయింట్ పనికిరాదు. పైన ఎండా వానా తిని మూడేళ్ళకి వెలిసిపోతుంది, వెలిస్తే మసక దానంతటదే వచ్చేస్తుంది. కాబట్టి పై అంతస్తుల్లో రంగు కలిపిన సిమెంటు, చిన్న చిన్న గాజు పలకలు వాడాను. ఖర్చెక్కువే, కానీ ముప్పై ఏళ్ళు అలాగే ఉండాలంటే వేరే దారి లేదు.

చెట్ల విషయానికొస్తే, పారిస్ పార్కు కోట చుట్టూ చెట్లని ఇప్పటికే ఈ శైలిలో కత్తిరిస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. నేను హార్న్‌బీమ్ ఎంచుకున్నాను. ఫ్రెంచి తోటల్లో శతాబ్దాలుగా గోడల్లా పెంచే చెట్టు అది, కత్తెరకి లొంగుతుంది. చలికాలంలో ఎండుటాకులు చాలావరకు రాలకుండా పట్టుకునే ఉంటాయి కాబట్టి ఆకారం చెడదు. బాక్స్ మొక్క వద్దనుకున్నాను, యూరప్ అంతా ఒక పురుగు దాన్ని తినేస్తోంది. యూ చెట్టు అందంగా ఉంటుంది కానీ ఆకూ గింజా విషం. పిల్లల చేతికందే చోట పెట్టలేం.

కోట ఎలా నిద్రపోతుంది?

రోజుకి కొన్నిసార్లు, పన్నెండు నిమిషాలు. లోపలి వాకిట్లో నాలుగు రకాల ప్రాణం ఉంటుంది: ఫౌంటెన్, పొగగొట్టాల పొగ, కిటికీల్లో దీపాలు, సంగీతం. బురుజు మీద ఆకుపచ్చ వెలుగు వెలిగిన దగ్గర్నుంచి ఇవి ఒక్కొక్కటిగా ఆగుతాయి. ఫౌంటెన్ని ఒక్కసారిగా కట్టేస్తే కరెంటు పోయిందనుకుంటారు. అందుకే పంపు వేగం నెమ్మదిగా తగ్గి, నీటిధార వంగి వంగి చివరికి ఒక్కో చుక్కగా మారి ఆగుతుంది. సంగీతానికి చైకోవ్‌స్కీ అనే రష్యన్ సంగీతకారుడు ఇదే కథకి కూర్చిన 1890 నాటి బ్యాలే (నృత్యనాటకం)లోని మొదటి అంకం వాల్ట్జ్ (జంటలు తిరుగుతూ ఆడే నాట్యపు సంగీతం) వాడాను. యానిమేషన్ సినిమా సంగీతం కూడా ఈ బ్యాలే నుంచే మలచుకున్నారు. రికార్డుని సాగదీస్తే వాద్యాల నాదం పాడవుతుంది, కాబట్టి వాద్యబృందం చేత రానురాను నెమ్మదించేలా విడిగా వాయించి రికార్డు చేయాలి. చివరి స్వరం పూర్తికాకుండానే ఆగిపోతుంది. ఆ తర్వాత రెండు నిమిషాలు ఏమీ ఉండదు. పిల్లల మాటలు, మీ అడుగుల చప్పుడు, అంతే.

జెండాలు నాకు పెద్ద తలనొప్పి తెచ్చాయి. అంతా నిద్రపోతుంటే పైన గుడ్డ జెండా గాలికి రెపరెపలాడితే మాయ మొత్తం పోతుంది. గాలిని ఆపలేం కదా. కాబట్టి బయట ఎక్కడా గుడ్డ లేదు. బురుజుల మీద రేకుతో చేసిన జెండాలు, నిద్రవేళకి మోటారు వాటిని కిందకి వాల్చుతుంది. అలాగే కప్పుమీద బొమ్మ పావురాలు పెట్టాలని మొదట అనుకున్నాను, మానేశాను. నిజం పావురాలు వచ్చి వాటి పక్కన వాలి తిరుగుతాయి, బొమ్మలు బొమ్మలని తెలిసిపోతుంది.

పొద్దు గూకేవేళ ప్రత్యేకంగా ఏదో ఉంటుందట, నిజమేనా?

అవును. శాపం సూర్యాస్తమయానికి ముడిపడింది కాబట్టి ఆరోజు అసలైన అస్తమయానికే పూర్తి నిద్ర జరగాలని పట్టుబట్టాను. దీనివల్ల వచ్చే కష్టం తెలుసు. పారిస్ ప్రాంతంలో డిసెంబరులో పొద్దు సాయంత్రం అయిదింటికల్లా కుంకుతుంది, జూన్‌లో దాదాపు పది గంటలకి. పది గంటలకి చిన్నపిల్లలు భుజం మీద నిద్రపోతుంటారు. అందుకే పగటివేళ చిన్న నిద్రలు, అస్తమయానికి పెద్దది. చలికాలంలో వచ్చినవాళ్ళకి పెద్దది చూడడం తేలిక. జనం తక్కువ వచ్చే నెలలకి ఇలా ఒక మంచి కారణం దొరికిందని నాకు సంతోషం.

రైడ్ ఉందా? దానిలో ఏం జరుగుతుంది?

ఒకటే ఉంది, చీకటి గదుల్లో నెమ్మదిగా తిరిగే బండి. నేల మీద పట్టాలు కనిపించని రకం. టోక్యో డిస్నీల్యాండ్‌లో 2000లోనే ఈ పద్ధతిలో ఒక రైడ్ వచ్చింది. డిస్నీల్యాండ్‌లో 1969 నాటి దయ్యాల బంగళా రైడ్ హాంటెడ్ మాన్షన్‌లోలాగా గొలుసుకట్టు బండ్లు పెడితే గంటకి ఎక్కువమంది ఎక్కగలరు, కానీ ఒక్క బండిని ఒక్కచోట ఆపడం కుదరదు. నాకు ఆ ఆగడమే కావాలి.

ఎందుకంటే, పెరో కథలో ముద్దు లేదు. రాజకుమారుడు వణుకుతూ దగ్గరికొచ్చి ఆమె పక్కన మోకరిల్లుతాడు. అప్పటికి నూరేళ్ళ నిద్ర గడువు తీరింది, ఆమె కళ్ళు తెరుస్తుంది. ముద్దుతో లేవడం గ్రిమ్ కథలోది. నేను మోకరిల్లడమే తీసుకున్నాను. ఆఖరి గదిలో బండి ముందువైపు కొద్దిగా వంగుతుంది, మీ అందరి చేతా నమస్కారం పెట్టించినట్టు. ఆరు సెకన్లు కదలదు. రాకుమారి ఊపిరి తప్ప శబ్దం లేదు. ఆ తర్వాత ఆమె వేలు ఒకటి కదులుతుంది, బండి సాగిపోతుంది. లేచి కూర్చోవడం చూపించను. పూర్తిగా లేచే బొమ్మ చేస్తే అందరూ యంత్రాన్ని మెచ్చుకుంటారు, ఆమెని మరచిపోతారు.

లెక్క కూడా చెబుతాను, ఇంజినీరింగ్ పిల్లలు తరచూ అడుగుతారు. బండికి ఎనిమిది మంది. ఇరవై నాలుగు సెకన్లకి ఒక బండి బయల్దేరితే గంటకి 150 బండ్లు, అంటే 1,200 మంది. రైడ్ ఆరు నిమిషాలు కాబట్టి లోపల ఎప్పుడూ పదిహేను బండ్లు ఉంటాయి. ఏ గదిలోనూ ఆగే సమయం ఇరవై నాలుగు సెకన్లు దాటకూడదు, దాటితే వెనక బండి వచ్చి చేరుతుంది. నా ఆరు సెకన్లు అందులో హాయిగా ఇముడుతాయి.

మలెఫిసెంట్ లేదా? డ్రాగన్?

ఉన్నారు, కానీ నడిచే దారికి పక్కగా. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు ఒక పార్కులో చీకటి గుహలోకి తెలియక తీసుకెళ్ళాను. ఆ రాత్రంతా "నాన్నా, అది మనింటికొస్తుందా?" అని అడుగుతూనే ఉంది. అందుకే భయపడే చోటికి ఎవరూ పొరపాటున వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నాను. దారి రెండుగా చీలేచోట రాతి మీద కాకి బొమ్మ ఉంటుంది. కాకి వైపు వెళితే మలెఫిసెంట్ కొండ. వెళ్ళకపోయినా కథ ఎక్కడా తెగదు.

ఆ కొండలో డ్రాగన్ కంటే నాకు నచ్చినది వేరే ఉంది. సినిమాలో ఆమె భటులు పదహారేళ్ళపాటు పసిబిడ్డ కోసమే ఉయ్యాలలు వెతుకుతారు, బిడ్డ పెరుగుతుందన్న ఆలోచనే రాదు వాళ్ళకి. కొండ లోపల గది నిండా, కప్పుదాకా, వాళ్ళు పట్టుకొచ్చిన ఖాళీ ఉయ్యాలలు పేర్చాను. వాటిలో రెండు మెల్లగా ఊగుతుంటాయి.

తినడానికి ఏముంటుంది?

రెస్టారెంటు కోట వంటగదిలోనే. ఒకవైపు మీ బల్లలు, మరోవైపు నిద్రపోయిన వంటవాళ్ళు. పెరో చెప్పినట్టు ఇనుప కమ్మీలకి గుచ్చిన కౌజులు, పొయ్యి అన్నీ ఆగిపోయి ఉంటాయి. వంటవాడి చెయ్యి కుర్రాడి మీదకి లేచి ఉంటుంది. గ్రిమ్ కథలో లేచాక చెంపదెబ్బ పడుతుంది. నేను ఆ దెబ్బ తీసేశాను. నిద్ర ముగిసి దీపాలు వెలిగేసరికి కుర్రాడు బల్ల కిందకి దూరి ఉంటాడు. భోజనం సూప్, రొట్టె, కాల్చిన కోడి, శాకాహారులకి 'పై' అనే కూరగాయల పేస్ట్రీ.

రోలర్ కోస్టర్ ఎందుకు పెట్టలేదు?

అరుపులు వినబడతాయి కాబట్టి. ఆ రెండు నిమిషాల నిశ్శబ్దాన్ని నేను దేనికీ వదులుకోను.

సినిమా సెట్‌కీ దీనికీ తేడా ఏమిటి?

సెట్‌కి కెమెరా చూసేవైపు ఉంటే చాలు. వెనక కర్రలూ తాళ్ళూ ఉన్నా ఫర్వాలేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, థర్మాకోల్, ఫైబర్‌తో షెడ్యూల్ అయ్యేదాకా నిలబెడతాం. పార్కులో కెమెరా ఉండదు, వేలమంది కళ్ళుంటాయి, చేతులుంటాయి. పిల్లలు ప్రతిదాన్నీ ముట్టుకుంటారు. ముళ్ళపొద ఇనుప చట్రం మీద గాజునార కలిపిన కాంక్రీటుతో చేయాలి. మనిషి ఎత్తు లోపల ఒక్క ముల్లు కొనా పదునుగా ఉండకూడదు. గులాబీలు నిజమైనవే, కానీ ఎనిమిది అడుగుల పైన. ఇంకో అలవాటు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. డ్రాయింగులన్నీ మొదట నా కంటి ఎత్తులో వేశాను. తర్వాత మీటరు ఎత్తు నుంచి, అంటే అయిదేళ్ళ పిల్ల కంటితో చూస్తే, సగం కిటికీలు గోడ చాటున పోయాయి. అన్నీ కిందకి దించి మళ్ళీ గీశాను.

పెద్దవాళ్ళు, వీల్‌చెయిర్ వాడేవాళ్ళు రాగలరా?

అన్ని చోట్లకీ. వాలు ఎక్కడా ఇరవై అడుగులకి ఒక అడుగు మించదు. బురుజుకి మెట్లతో పాటు లిఫ్టు ఉంది, అది కూడా అదే రాతిగోడ లోంచి, అదే దృశ్యం ముందు తెరుచుకుంటుంది. వీల్‌చెయిర్ దిగకుండా ఎక్కే బండ్లు కూడా పెట్టాను. ఆ బండి కూడా మిగతావాటిలాగే వంగుతుంది.

ఖర్చు ఎంత?

అంచనా వేయలేదు. పోలిక కావాలంటే, 2024 జూన్‌లో టోక్యో డిస్నీసీలో తెరిచిన ఫాంటసీ స్ప్రింగ్స్ అనే కొత్త విభాగానికి సుమారు 32,000 కోట్ల యెన్‌లు పెట్టారు. అందులో మూడు సినిమాల ప్రాంతాలు, ఒక హోటల్ ఉన్నాయి.

హక్కుల ఇబ్బంది రాదా?

పెరో, గ్రిమ్ కథలు, చైకోవ్‌స్కీ సంగీతం అందరివీ. రాకుమారికి అరోరా అనే పేరు బ్యాలేలోనే ఉంది. సినిమాలోని పాత్రల రూపాలు, మలెఫిసెంట్ లాంటి పేర్లు, ఆ సినిమా కోసం మలచిన సంగీతం మాత్రం డిస్నీవి. సొంత సాధన కోసం గీసుకుంటున్నాను, అమ్మను. మీరూ టీషర్టుల మీద వేసి అమ్మకండి.

ఇలాంటిది నేనూ మొదలుపెట్టాలంటే?

సాఫ్ట్‌వేర్ తర్వాత. ముందు కథ మూలం చదవండి, ఒకటికి రెండు రూపాల్లో చదవండి. మన జానపద కథ తీసుకున్నా ఇదే పని. చదివినప్పుడు ఒళ్ళు జలదరించిన వాక్యం ఒకటి పట్టుకుని గోడకి అంటించుకోండి. తర్వాత 1:200 కొలతలో కాగితం మీద దారులు గీయండి, మరుగుదొడ్లు, చెత్తబండి దారితో సహా. అది కుదిరాక అట్టముక్కలతో మోడల్ చేసి, ఫోన్ కెమెరాని నేలకి ఆనించి ఆ దారుల్లో నడిపించండి. స్కెచప్ అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో మూడు నెలలు కూర్చున్నా తెలియని తప్పులు నాకు అలా ఒక్క సాయంత్రంలో దొరికాయి. బురుజు మూడో మలుపు దగ్గర చెట్ల మీదుగా ఇంకా కనిపిస్తోందని కూడా అలాగే తెలిసింది. ఇప్పుడు ఆ చెట్లని రెండు మీటర్లు పెంచి మళ్ళీ గీస్తున్నాను.